గ్లవ్స్ తీయకుండా తెరుచుకునే తలుపు

కెనడాలోని ఈ రెజైనాలో మన తెలుగువాళ్ళ మధ్య ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్టూడెంట్ ఒకడు స్నోమొబైల్‌కి, అంటే మంచు మీద తిరిగే బండికి, ఏదో పార్టు తయారు చేశాడనీ, అది కొండ మీద ఊడిపోయి ఒకావిడ ప్రాణం మీదికి తెచ్చిందనీ, నేను దాన్ని సరిచేసి మార్కెట్లోకి తెచ్చాననీ. పార్టు అతను తయారు చేశాడన్నది నిజం. ఊడిపోయిన మాటా నిజమే. ఎందుకు ఊడిందో మాత్రం చాలాకాలం నాకొక్కడికే తెలుసు. ఇన్నాళ్ళూ మన వాళ్ళెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా కంపెనీ చిన్నది. ఊరి చివర, ధాన్యం లారీలు తిరిగే రోడ్డు పక్కన ఒక షెడ్డు. మేం స్నోమొబైళ్ళు తయారు చెయ్యం. పెద్ద కంపెనీల బండ్లు కొన్నవాళ్ళు ఆ తర్వాత తమ అవసరం కొద్దీ బిగించుకునే పార్టులు చేస్తాం, అది కూడా కొండల మీద తిరిగే బండ్లకే. కొండలేవీ లేని ఊళ్ళో ఈ వ్యాపారమేమిటని కొత్తవాళ్ళు అడుగుతారు. ఇక్కడి వాళ్ళకి శీతాకాలం వచ్చిందంటే ఒక చోట కాలు నిలవదు. బండిని ట్రెయిలర్ మీదికెక్కించి, పక్క రాష్ట్రం ఆల్బర్టా మొత్తం దాటుకుని, బ్రిటిష్ కొలంబియా కొండల దాకా పగలంతా నడుపుకుంటూ పోతారు.

కొండబండి మామూలు స్నోమొబైల్ లాంటిది కాదు. కింద తిరిగే రబ్బరు ట్రాక్ పొడుగ్గా ఉంటుంది, ముందు జారే స్కీ పలకలు దగ్గరగా ఉంటాయి. దాని మీద కూర్చునేది తక్కువ. నిలబడి, ఒంటి బరువంతా ఒక పక్కకి వేసి, బండిని ఓరగా వంచి వాలు మీద నడపాలి. నేను అది నలభై దగ్గర పడ్డాక నేర్చుకున్నాను. మిషిగన్‌లో కారు సీట్లు డిజైన్ చేస్తూ గ్రీన్ కార్డు క్యూలో విసిగి కెనడా వచ్చినవాణ్ణి. మా ఓనర్ గోధుమ పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి, అరవై దాటినా మాకంటే ముందు కొండ ఎక్కేది. నన్ను పనిలోకి తీసుకున్న రోజే ఆవిడ చెప్పింది: "కుర్చీలో కూర్చుని కొండబండికి ఏం కావాలో కనిపెట్టలేవు. మాతో రావాలి."

వెళ్ళాను. పడ్డాను. మంచులో నడుం దాకా కూరుకుపోయాను. ఒళ్ళంతా కమిలి ఇంటికొస్తే మా ఆవిడ పసుపు రాస్తూ తిట్టేది. కానీ రెజైనా తెలుగువాళ్ళలో స్నోమొబైల్ ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా కొత్తగా వచ్చినవాళ్ళకి నన్ను చూపించి "ఈయనేనండీ, కొండల మీద మంచుబండి నడిపేది" అనేవాళ్ళు. ఆ మాట నాకు చాలా ఇష్టం. ఎంత ఇష్టమో, దాన్ని ఇంకొకడితో పంచుకోవలసి వచ్చినప్పుడు తెలిసింది.

స్టూడెంట్లు వరదలా వచ్చిన రోజులవి. యూనివర్సిటీ వైపు వెళ్ళే బస్సులో ఎక్కడ చూసినా మన పిల్లలే, అందరి ఒంటి మీదా ఒకే షాపులో కొన్న నల్ల జాకెట్లు. బేస్‌మెంట్ ఖాళీగా ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్లొచ్చేవి. మా ఆవిడ వాట్సాప్ గ్రూపులో చూసి ఒకబ్బాయికి మా బేస్‌మెంట్ ఇచ్చింది. అనంతపురం వైపు వాడు, మెకానికల్‌లో మాస్టర్స్. సూట్‌కేసు దించీ దించగానే మా ఆవిడతో "అక్కా, కరివేపాకు ఈడ దొరుకుతుందా?" అన్నాడు. నా వైపు తిరిగి "నమస్తే అంకుల్" అన్నాడు.

మా ఆవిడ నాకంటే ఏడాదే చిన్నది.

"ఆవిడ అక్క, నేను అంకులా?" అన్నాను నవ్వుతూనే.

"మీకు గౌరవం ఇచ్చినా అంకుల్" అన్నాడు. మా ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

ఒక నెల గడిచేసరికి మా ఇల్లు వాడి ఇల్లయిపోయింది. మా అమ్మాయి నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల. వాడితో మాత్రం వచ్చీరాని తెలుగులో పోట్లాడేది. "నువ్వు చీటింగ్ చేస్తున్నావ్, కార్డ్ చూపించు" అని కింద నుంచి వినిపించేది. దాని గొంతులో తెలుగు వినాలని నేను ఎన్నేళ్ళు ఎదురు చూశానో! తీరా వినిపిస్తే, మెట్ల మీద నిలబడి మొహం మాడ్చుకున్నాను.

మా షెడ్డులో పార్ట్ టైమ్ పని ఇప్పించింది నేనే. మా ఆవిడ పోరితే ఇప్పించాను. చదువు అవగానే ఫుల్ టైమ్ జాబ్ ఆఫర్ వస్తే మా రాష్ట్రం సస్కాచెవాన్ నుంచే పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేసుకోవచ్చని వాడి ఆశ. మా ఓనర్ కూడా డిజైన్‌కి ఒక మనిషిని తీసుకుందామనే అనుకుంటోంది. వాడు ఏం చేయగలడో చూస్తానంది.

వాడు బక్కగా, పొట్టిగా, స్ప్రింగులా ఉంటాడు. మొదటిసారి కొండకి తీసుకెళ్ళినప్పుడు వాడూ పడ్డాడు. పడ్డవాడు నవ్వుతూ లేచాడు. నాకు రెండు శీతాకాలాలు పట్టిన ఓర వంపు వాడికి రెండో ట్రిప్పుకే వచ్చేసింది. మా ఓనర్ తన పాత బండి తాళం తీసి వాడి చేతిలో పెట్టింది. ఆ బండిని నేను ఒకసారి అడిగితే "అది కొంచెం మొండిది, నీకెందుకులే" అన్న మనిషి.

రైడర్లకి ఏం కావాలో తెలుసుకోవడం అసలు నా పని. పొద్దున్నే పార్కింగ్‌లో ట్రెయిలర్ల మీంచి బండ్లు దించుకుంటున్నవాళ్ళ దగ్గరికెళ్ళి, "మీ బండిలో ఏం మారాలి?" అని అడిగేవాణ్ణి. ఇంకా పవరు కావాలనేవారు, ఇంకా పొడుగు ట్రాక్ కావాలనేవారు. నేను బుద్ధిగా ఆఫీసుకొచ్చి అదే చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం అందరూ కొండ మీద చెక్క గుడిసెలో పొయ్యి చుట్టూ చేరి తింటుంటే, నేను బయట బండి సీటు మీద కూర్చుని శాండ్‌విచ్ తినేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ ఏదైనా కట్టిస్తానన్నా వద్దనేవాణ్ణి. మిషిగన్‌లో ఒకసారి ఆఫీసు మైక్రోవేవ్‌లో చేపల పులుసు వేడి చేసి పడ్డ మాటలు ఇంకా మరిచిపోలేదు. ఇక్కడ నన్నెవరూ ఏమీ అనలేదు. నేనే ముందు జాగ్రత్తగా బయట కూర్చున్నాను.

వాడు స్టీలు క్యారేజీ తెచ్చుకున్నాడు. మూడు గిన్నెలది. అనంతపురం నుంచి సూట్‌కేసులో పెట్టుకొచ్చినది. అందులో చింతపండు పులిహోర, ఉర్లగడ్డ వేపుడు, పెరుగన్నం. గుడిసెలోకి తిన్నగా నడిచి గిన్నెలు పొయ్యి మీద పెట్టాడు. ఇంగువ వాసన బయట నా దాకా వచ్చింది. అయిపోయింది వీడి పని అనుకున్నాను. కాసేపటికి లోపల నుంచి కేకలు, నవ్వులు. కిటికీలోంచి చూస్తే గోధుమ రైతులు ప్లాస్టిక్ ఫోర్కులు పట్టుకుని వాడి చుట్టూ క్యూ కట్టారు.

"ఈ పసుపు అన్నం ఇంకోసారి తేకపోతే నిన్ను కొండ మీదే వదిలేసి పోతాం" అంటున్నాడొకడు.

నేను గడ్డకట్టిన శాండ్‌విచ్ నములుతూ విన్నాను.

తినేటప్పుడు మనుషులు నిజాలు మాట్లాడతారు. వాడు ఆ పొయ్యి దగ్గర విన్నవి నేను ఏ పార్కింగ్‌లోనూ వినలేదు. గంటల తరబడి వేగం పెంచే థ్రాటిల్ నొక్కి బొటనవేలు కొంకర్లు పోతుందని ఒకడు. నిలబడే పలకల మీద మంచు గడ్డకట్టి బూటు జారుతోందని ఇంకొకడు. గట్టిబడిన దారిలో ఎగిరి తగిలే మంచు లేక ఇంజన్ వేడెక్కిపోతుంటే, దాన్ని చల్లార్చడానికి చేత్తో మంచు తవ్వి పోసుకుంటున్నామని మరొకడు. ఎక్కువగా మాట్లాడింది ఒక నర్సు. మనిషి నా భుజం దాకా వస్తుంది. "ఈ బండ్లు గీసేవాళ్ళందరూ ఆరడుగుల మగాళ్ళు. హ్యాండిల్ నా గడ్డానికి తగులుతోంది. కూరుకుపోతే నా ఒక్కదాని బలంతో బయటికి లాగలేను. బరువు తగ్గించండి, పవరు కాదు" అనేదట. ఇవన్నీ వాడు షెడ్డులో ఓనర్‌కి చెబుతుంటే ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని వింది. నేను చెబుతున్నప్పుడు ఆవిడ ఫోన్ చూసుకుంటూ వినేది.

తర్వాతి ట్రిప్పులో ఆ నర్సు బండికి బెల్టు తెగింది. ఇంజన్ శక్తిని ట్రాక్‌కి అందించే రబ్బరు బెల్టు అది, లోతు మంచులో వేడెక్కి తెగడం మామూలే. మార్చాలంటే బండి పక్కన ప్యానెల్ తీయాలి. దాని స్క్రూలు చిన్నవి, మంచు పట్టేసి ఉంటాయి. గ్లవ్స్ తీస్తేగాని పట్టు దొరకదు. ఆ చలిలో వేళ్ళకి స్పర్శ పోయాక ఆమె ప్యానెల్ ఊడదీసి పక్కన పెట్టింది, అది వాలు మీద పళ్ళెంలా జారుకుంటూ చెట్లలోకి పోయింది. దాన్ని వెతికి తెచ్చేసరికి అందరికీ ఓపిక అయిపోయింది.

గుడిసె చేరాక వాడు బూట్లు దులుపుకుంటూ క్యారేజీ ఆమె చేతికిచ్చి "తెరువు" అన్నాడట. ఆమె లావుపాటి గ్లవ్స్‌తోనే పక్క క్లిప్పుని బొటనవేలితో ఎత్తింది. టక్కుమని తెరుచుకుంది. మూసింది. మళ్ళీ తెరిచింది. "నా ప్యానెల్ ఇలా ఎందుకు లేదు?" అని అరిచింది. ఆ అరుపు బయట నాకూ వినిపించింది.

మా వంటింటి అలమరలో కూడా అలాంటి క్యారేజీ ఉంది, మా పెళ్ళికి ఆవిడ పుట్టింటివాళ్ళిచ్చినది. ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తున్నాను. నేను డిజైనర్ని.

వాడు వారంలో బొమ్మ గీశాడు. పెద్ద స్టీలు క్లిప్పు, గ్లవ్స్‌తోనే తెరుచుకునేలా. ప్యానెల్ జారిపోకుండా బండికి కట్టిన చిన్న పట్టీ. క్లిప్పుకీ ప్యానెల్‌కీ మధ్య పలచని రబ్బరు ముక్క. ఇంజన్ అదురుకి క్లిప్పు సడలకుండా పట్టి ఉంచేది ఆ రబ్బరే. వాడు ఎవరూ అడక్కుండానే ఇదంతా అందరికీ వివరించేవాడు, అద్దంలో చూసుకుని మురిసిపోయినట్టు. ఆ మురిపెం నాకు ఒళ్ళు మండించేది. తర్వాత్తర్వాత ఎన్నోసార్లు, వాడు కొంచెం అణకువగా ఉండి ఉంటే నేనలా చేసేవాణ్ణి కాదేమో అని సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. వాడు అణకువగా ఉంటే ఇంకా కుళ్ళుకునేవాణ్ణి.

కొండ మీద పరీక్షించాల్సిన వారం వాడికి యూనివర్సిటీ పరీక్షలు పడ్డాయి. ఓనర్‌కి మోకాలి ఆపరేషన్. "నువ్వు చూసుకో. ఇది నిలబడితే ఆ అబ్బాయికి ఆఫర్ ఇచ్చేద్దాం" అంది నాతో.

బయల్దేరుతుంటే వాడు గరాజ్ దాకా పరిగెత్తుకొచ్చి ఒక కవరు ఇచ్చాడు. "అంకుల్, రబ్బరు ముక్కలు. బండికి బిగించేటప్పుడు ఇవి మర్చిపోవద్దండి. ఇవి లేకుంటే క్లిప్పు నిలబడదు."

"నాకు తెలీదా?" అన్నాను.

మర్చిపోయానని నాకు నేనే చాలాకాలం చెప్పుకున్నాను. మర్చిపోలేదు. పార్కింగ్‌లో నర్సు బండికి క్లిప్పులు బిగిస్తూ కవరు విప్పాను, రబ్బరు ముక్కలు చేతిలోకి తీసుకున్నాను, తిరిగి కవర్లో వేసి ట్రక్కు డోర్ అరలో పెట్టాను. అప్పుడు నా మనసులో పెద్ద కుట్రేమీ లేదు. క్లిప్పు కొంచెం గలగలలాడితే చాలనుకున్నాను. వాడి డిజైన్‌లో ఒక లోపం ఉందని ఆవిడ ముందు అనగలిగితే చాలు, నా కడుపు చల్లబడుతుందనుకున్నాను.

ఆమె నిటారు వాలుని అడ్డంగా దాటుతుండగా ముందు క్లిప్పు, తర్వాత వెనక క్లిప్పు ఊడాయి. ప్యానెల్ పట్టీకి వేలాడుతూ ట్రాక్‌కి కొట్టుకుంది. బెల్టు మీద మంచు పడి పట్టు జారింది. బండి ఆగిపోయింది. పైన గాలికి పేరుకున్న మంచు అంచు వేలాడుతోంది. అలాంటి వాలు మధ్యలో ఎవరూ ఆగకూడదు. మేం కింద నిలబడి చూస్తున్నాం. ఒక్కొక్కరమే వెళ్ళాలి, ఇద్దరి బరువు పడితే మంచు కదిలి విరుచుకుపడొచ్చు. అయినా ఒక రైతు తెగించి వెళ్ళి ఆమెని తన బండి మీద తెచ్చాడు. ఏమీ కాలేదు. కిందికొచ్చాక ఆమె హెల్మెట్ తీసి వాంతి చేసుకుంది. నేను ఆమెకి నీళ్ళ సీసా ఇచ్చాను. మూత కూడా నేనే తీసిచ్చాను. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

ఓనర్‌కి ఫోన్ చేసి "క్లిప్పు నిలబడలేదు" అన్నాను. అక్షరాలా నిజమే. ఇంటికొచ్చాక వాడు అడిగాడు.

"రబ్బరు పెట్టినారు కదా అంకుల్?"

"పెట్టాను."

అబద్ధం అదొక్కటే. అది చాలింది.

వాడి మొహంలో మురిపెం పోయింది. లోపం తన లెక్కలోనే ఉందని నమ్మాడు. ఆదివారాలు మా బేస్‌మెంట్‌లో బట్టలేవీ లేకుండా వాషింగ్ మెషీన్ తిరిగేది. దాని పక్క రేకుకి క్లిప్పులు బిగించి, అదురుకి ఎప్పుడు ఊడుతుందో చూస్తూ కూర్చునేవాడు. రబ్బరు ఉంది కాబట్టి ఊడేది కాదు. ఎందుకు ఊడట్లేదో వాడికి అర్థమయ్యేది కాదు. పైన సోఫాలో కూర్చుని నేను ఆ చప్పుడు వింటూ టీ తాగాను. మా ఆవిడ "పాపం, తిండి కూడా మానేశాడు, కాస్త వెళ్ళి మాట్లాడండి" అంటే, "కుర్రాళ్ళకి తొందరెక్కువ, నేర్చుకోనీ" అన్నాను. ఆ మాటే తర్వాత, మన వాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ప్లేటు పట్టుకుని పదిమందితో అన్నాను. అక్కణ్ణుంచే ఆ కథ పుట్టింది.

ఆఫర్ రాలేదు. చదువు అయ్యాక వాడు ఒంటారియో వెళ్ళిపోయాడు. ఓక్‌విల్ దగ్గర ఒక గిడ్డంగిలో పెట్టెలు మోసే పని. మా అమ్మాయి రెండు రోజులు గదిలోంచి రాలేదు. తర్వాతి శీతాకాలం నేను అదే క్లిప్పుని అదే రబ్బరుతో "మార్చి" ఓనర్ ముందు పెట్టాను. ఇవాళ మా షెడ్డులో అన్నిటికన్నా ఎక్కువ అడిగేది దాన్నే. పార్కింగ్‌లో రైడర్లు నా వీపు తట్టేవారు. గుడిసెలోకి కూడా పిలిచేవారు. లోపల పొయ్యి దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు "ఆ పులిహోర అబ్బాయి ఎలా ఉన్నాడు?" అనేవారు. వాణ్ణి పంపించేసి కూడా వాడి మీద కుళ్ళు పోలేదు నాకు.

పోయిన చలికాలం ఒక ఫోన్ వచ్చింది. ఒంటారియోలో ఏదో కంపెనీ. మా బేస్‌మెంట్‌లో ఉండి వెళ్ళిన అబ్బాయి డిజైన్ ఉద్యోగానికి అప్లై చేస్తూ రిఫరెన్స్‌గా నా పేరిచ్చాడట. అన్నీ అడిగి, చివర "అతను స్వయంగా డిజైన్ చేసినదేదైనా మార్కెట్లోకి వచ్చిందా?" అన్నాడు ఫోన్ చేసినాయన. ఇన్నేళ్ళు గిడ్డంగిలో పనిచేసినవాడికి ఈ ఒక్క జవాబు మీదే ఉద్యోగం ఆధారపడి ఉందని ఆ గొంతులోనే తెలిసింది. అతను నన్ను నమ్మి నా నంబరు ఇచ్చాడు. లేదు అంటే సరిపోయేది. లోకమంతా అదే అనుకుంటోంది.

"వచ్చింది. మేం అమ్మే ప్యానెల్ క్లిప్పు అతనిదే. నాది కాదు" అన్నాను.

ఆ తర్వాత ఓనర్ దగ్గరికెళ్ళి మొత్తం చెప్పాను. ఆవిడ ఫోన్ పక్కన పెట్టి వింది. "ఆ వాలు మీద ఉన్నది నా స్నేహితురాలు" అంది. నన్ను తీసేయలేదు. కొండ ట్రిప్పులకి మాత్రం ఇక పిలవనంది. నర్సుకి నేనే ఫోన్ చేశాను. ఆమె అంతా విని ఫోన్ పెట్టేసింది.

అతనికి చేసిన ఫోన్ అన్నిటికంటే కష్టమైంది.

"రబ్బరు పెట్టలేదా?" అన్నాడు.

"లేదు."

"ఆ వాషింగ్ మెషీన్..." అన్నాడు. "అంతసేపు మీరు పైననే ఉన్నారు కదా."

"ఉన్నాను."

క్షమించమని అడగబోయాను. అడగనివ్వలేదు. "అవన్నీ వద్దండి. ఆడ మన వాళ్ళందరికీ నేను పనికిరానోణ్ణని చెప్పినారు. ఇది కూడా వాళ్ళకే చెప్పండి. తెలుగులో రాయండి. నా పేరు రాయొద్దు, అందరికీ ఎవరో తెలుసు." అంతే.

అందుకే ఇది రాశాను. ఉద్యోగం వచ్చిందని మా ఆవిడ ద్వారా తెలిసింది. అక్కడ ఏం డిజైన్ చేస్తున్నాడు అని అడిగితే, "మీకెందుకు? కావాలంటే ఆ అబ్బాయినే అడగండి" అంది. అడగలేదు. నిన్న సాయంత్రం మళ్ళీ అతని ఫోన్ వచ్చింది. మా ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. మా అమ్మాయి కూడా వెనకే వెళ్ళింది. లోపల ముగ్గురూ దేనికో నవ్వుతున్నారు. టీవీ సౌండ్ తగ్గించాను. దేనికి నవ్వుతున్నారో వినపడలేదు.